అక్క అమెరికాలో ఉంటే ఐబీ ఉద్యోగం వెరిఫికేషన్‌లో పోతుందా?

మన తిరుపతి, చిత్తూరు వైపు ఇళ్లల్లో ఎవరో ఒకరు అమెరికాలోనో కువైట్‌లోనో ఉండనే ఉంటారు. అందుకే ఇంటెలిజెన్స్ బ్యూరో (ఐబీ)లో ఏసీఐఓ, అంటే అసిస్టెంట్ సెంట్రల్ ఇంటెలిజెన్స్ ఆఫీసర్ పోస్టుకి టైర్-1 (మొదటి దశ పరీక్ష) కటాఫ్ దాటగానే గ్రూపుల్లో ఒకటే ప్రశ్న: "అన్నా, మా అక్క అక్కడ సిటిజన్ అయిపోయింది, ఐబీ వాళ్లు పక్కన పెట్టేస్తారా?" బాలాజీ కాలనీ టీ బంకుల దగ్గర దీనికి తీర్పులు చెప్పేవాళ్లలో చాలామంది అటెస్టేషన్ ఫారం (వెరిఫికేషన్ కోసం మన వివరాలు, ఇంటివాళ్ల వివరాలు నింపి ఇచ్చేది) మొహం కూడా చూసుండరు. ముందు అది డౌన్‌లోడ్ చేసుకుని చదవండి.

అమ్మ, నాన్న, భార్య లేదా భర్త, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, అందరి జాతీయత, పుట్టిన ఊరు, చేసే పని, ఇప్పటి అడ్రసు అడుగుతారు. పిల్లలు విదేశంలో చదువుతుంటే దానికి వేరే కాలమ్. 21 ఏళ్లు దాటాక మీరే ఏడాదికి పైగా బయటి దేశంలో ఉండుంటే అదీ రాయాలి. వీటన్నిటికన్నా ముందు, ఫారం పైనే హెచ్చరిక: తప్పుడు సమాచారం ఇచ్చినా, ఉన్నది దాచినా అనర్హత. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జిల బెంచ్ తేల్చింది ఈ దాపరికం సంగతే. అది క్రిమినల్ కేసులు దాచినవాళ్ల గురించి, నిజమే. అలాగని అక్క సిటిజన్‌షిప్ కాలమ్ ఖాళీగా వదిలేస్తే ఒప్పుకుంటారనుకోకండి.

ఇంటర్వ్యూ కోసం నేను ఎక్కువగా చదివింది మాత్రం అమెరికా పద్ధతి. ఏం చూస్తారో వాళ్లు కాగితం మీద పెట్టేశారు కాబట్టి. రహస్య సమాచారం చూసే అనుమతి, అంటే సెక్యూరిటీ క్లియరెన్స్, ఎవరికివ్వాలో తేల్చే రూల్స్ సీడ్-4 (SEAD-4). 2017 జూన్ నుంచి అమల్లో ఉన్న దీనిలో 13 గైడ్‌లైన్స్ ఉన్నాయి. వాటిలో 'బి' విదేశీ ప్రభావం గురించి. బయట బంధువు ఉన్నంత మాత్రాన కాదనరు. ఏ దేశం, అక్కడి సర్కారులోనో సైన్యంలోనో ఆ బంధువు పనిచేస్తున్నాడా, మీరిద్దరూ ఎంత దగ్గర, ఆ దేశంలో మీకు ఆస్తిపాస్తులున్నాయా, ఇవన్నీ కలిపి, ఆ మనిషిని అడ్డం పెట్టుకుని మిమ్మల్ని లొంగదీయొచ్చా అని చూస్తారు. తమాషా ఏంటంటే, అమెరికా సిటిజన్ అయిన మా బావ అక్కడ క్లియరెన్స్‌కి వెళ్తే, రేణిగుంటలో రిటైరై కూర్చున్న మా నాన్నే విదేశీ బంధువు! మామగారి పేరు, పౌరసత్వం ఆ క్లియరెన్స్‌కి పెట్టే ఎస్‌ఎఫ్-86 ఫారంలో నింపాల్సిందే.

మాక్ ఇంటర్వ్యూలో "మీ అక్కను చూపించి ఎవరైనా బెదిరిస్తే?" అని అడిగారు. ఇలాంటిచోట దేశభక్తి ఉపన్యాసం ఎత్తుకోకండి. ఆ రోజే పై అధికారికి చెబుతాను, ఆ ఫైలు నుంచి నన్ను తప్పించమంటాను, అంతే. దాచకుండా ముందే చెబితే దారి మూసుకుపోదనడానికి ఉదాహరణ కావాలంటే కె.ఆర్. నారాయణన్ గారున్నారు. ఫారిన్ సర్వీసులో ఉండి బర్మా అమ్మాయిని పెళ్లాడాలంటే నెహ్రూ ప్రత్యేక అనుమతి కావాల్సొచ్చింది. 1951లో పెళ్లయింది, ఆమె భారత పౌరురాలయ్యారు. ఆయన ఆ తర్వాత చైనాకు, అమెరికాకు రాయబారిగా వెళ్లారు, 1997లో రాష్ట్రపతి అయ్యారు. ఈ రోజుకీ కేంద్ర ఉద్యోగి విదేశీయులను పెళ్లాడితే వెంటనే ప్రభుత్వానికి తెలపాలి. 1964 కండక్ట్ రూల్స్‌లో 21వ రూల్ చూడండి.



అక్కావాళ్ల పాస్‌పోర్టులో పేరు ఎలా ఉందో, ఇప్పటి అడ్రసేదో ఇవాళే వాట్సాప్‌లో తెప్పించి పెట్టుకోండి. వాళ్లు ఇల్లు మారితే మళ్లీ అడగండి.