మోచెయ్యి తగిలితే ఆగే మిషన్

తడ దగ్గర మా ప్లాంటులో, మా లైన్‌కీ కోబాట్, అంటే మనుషుల పక్కనే పనిచేసే రోబో, వచ్చేసింది. చుట్టూ కంచె లేదు. మోచెయ్యి తగిలితే చాలు, టక్కున ఆగిపోతుంది. స్క్రూలు బిగించడం దాని వంతు. వైర్లు సర్ది, కనెక్టర్ 'టిక్'మనేదాకా నొక్కడం మాత్రం ఇంకా మా అక్కల చేతుల్లోనే. వైరు మెత్తన కదా, ఒకసారి పడినట్టు ఇంకోసారి పడదు. పాపం, దానికి అంతుపట్టదు.

భుజాల నొప్పులు తగ్గాయి, కాదనను. కానీ స్పీడ్ ఎంత పెట్టాలో మమ్మల్నెవరూ అడగలేదు. జపాన్ ఆవిష్కర్త సకిచి టొయోడా 1924లో తెచ్చిన మగ్గం, దారం తెగితే తనంతట తానే ఆగేది. ఆ ఆలోచనే తర్వాత టొయోటా కార్ల లైన్‌లోకి వచ్చింది: తేడా కనబడితే ఏ కార్మికుడైనా తాడు లాగి పని ఆపించొచ్చు.

మాకూ ఎర్ర బటన్ ఉందండోయ్! నొక్కితే సూపర్‌వైజర్ ముందు మన మొహం చూస్తాడు, తర్వాతే మిషన్ వైపు చూస్తాడు.