నాన్నగారి వాన లెక్కలు: ఆర్‌లో మూడు వారాల పని

మా నాన్నగారు పెరట్లో వానమాపకం పెట్టుకొని, వాతావరణ శాఖ పద్ధతిలోనే రోజూ ఉదయం 8:30కి, గడిచిన 24 గంటల వాననూ గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలనూ నోటుపుస్తకంలో రాసుకునేవారు. ఆ పుస్తకాలను అక్క, తమ్ముడు, నేను పంచుకొని ఒకే టెక్స్ట్ ఫైలులోకి ఎక్కించాం. ఎవరి అలవాటు వారిది కావడంతో ఒక వరుసలో “03-07-2019, వాన 12.4, గరిష్ఠం 33” అని ఉంటే, తర్వాతి వరుసలో “గరిష్టం 34.5, కనిష్టం 26, 04-07-2019” అని ఉంది. వాన పడని రోజుకు ఒకరు సున్నా వేశారు, మరొకరు ఆ మాటే రాయలేదు.

మొదటి వారం: గణాంకాలకు వాడే ప్రోగ్రామింగ్ భాష ఆర్‌లో, ఫైలును పట్టికగా చదివే రీడ్.టేబుల్‌కు ఫిల్ ట్రూ (అంశాలు తగ్గిన వరుసల్లో ఖాళీలు నింపు) అని చెప్పి ఫైలు చదివించాను. నిలువు వరుసలు ఎన్నో అది మొదటి 5 వరుసలను చూసే నిర్ణయించుకుంటుంది. ఆ తర్వాత అంతకంటే పొడవైన వరుస వస్తే, మిగిలిన అంశాలు కొత్త వరుసగా కిందికి జారిపోతాయి. తేదీ లేని వింత వరుసలు ఎక్కడి నుంచి వచ్చాయో, ప్రతి వరుసలోని అంశాలను లెక్కపెట్టే కౌంట్.ఫీల్డ్స్ నడిపాకే తెలిసింది. నిలువు వరుసల పేర్లన్నీ ముందే ఇస్తే జారడం ఆగుతుంది గానీ, అంశాల క్రమం మాత్రం చక్కబడదు.

రెండో వారం: రీడ్‌లైన్స్‌తో ప్రతి వరుసనూ ఒక్క వాక్యంగా తీసుకొని, స్థానాన్ని కాక పేరును బట్టి వెతకడం మొదలుపెట్టాను: “వాన” అనే మాట, దాని వెనుక ఖాళీ, ఆపై అంకె. ముగ్గురిలో ఒకరు ‘ట’తో, ఇద్దరు ‘ఠ’తో రాసినందున గరిష్ఠానికీ కనిష్ఠానికీ రెండు అక్షరాలనూ ఒప్పుకునే నమూనా రాశాను. ఇక్కడ చాలాసేపు ఆగిపోయాను. నమూనా ఎక్కడుందో వెతికే రెగెక్స్‌పీఆర్‌తో కలిపి వాడినప్పుడు, ఆ ముక్కలను బయటికి తీసే రెగ్‌మ్యాచెస్ దొరికిన వాటినే తిరిగి ఇస్తుంది, దొరకని వరుసకు ఖాళీ వదలదు. పట్టిక కట్టబోతే వరుసల సంఖ్యలు కలవలేదని ఆర్ ఆపేసింది. ఆపకపోతే ఒక రోజు వాన మరో రోజుకు అంటుకునేది. అందుకే ముందుగా అన్ని వరుసలకూ ఎన్ఏ (విలువ లేదనే గుర్తు) నింపి, నమూనా దొరికిన చోట్ల మాత్రమే విలువలు పెట్టాను.

మూడో వారం తేదీలతో గడిచింది. ఫార్మాట్ చెప్పకుండా, రాతను తేదీగా మార్చే యాజ్.డేట్‌కు 03-07-2019 ఇస్తే, 3వ సంవత్సరం జులై 20 అని చదువుతుంది. పట్టికలో ప్రతి తేదీ 20 కావడంతో తప్పు పట్టుబడింది. ఫార్మాట్‌లో సంవత్సరానికి చిన్న వై (రెండంకెల సంవత్సరం) రాస్తే అన్నీ 2020లోకి వెళ్లాయి. పెద్ద వై (నాలుగంకెలది) రాశాకే సరిపోయింది.

ఇక మిగిలింది వాన మాటే లేని వరుసలు. మొత్తం కట్టేటప్పుడు ఎన్ఏ.ఆర్ఎం ట్రూ (ఎన్ఏలను వదిలెయ్యి) అంటే అవి సున్నాతో సమానమైపోతాయి, కానీ అది పొడి రోజో, రాయడం మరిచిన రోజో ఫైలు చెప్పదు. వాతావరణ శాఖ లెక్కలో వాన రోజు అనిపించుకోవడానికి కావలసిన 2.5 మి.మీ. పడకపోయినా నాన్నగారు వదలకుండా రాసేవారు కాబట్టి, పుస్తకం చూడకుండా సున్నా వేయడానికి నాకు మనసొప్పలేదు. కనిష్ఠం గరిష్ఠాన్ని మించిన వరుసలనూ వాటితో కలిపి ఒక జాబితా రాసుకున్నాను. పుస్తకాలు అక్క దగ్గరున్నాయి. వచ్చే ఆదివారం వెళ్లి ఒక్కొక్కటే సరిచూస్తాను.