చుక్క కదిలింది, గార్డు కదిలాడా?

సెక్యూరిటీ గార్డుల లొకేషన్‌ను ఫోన్ యాప్‌తో ట్రాక్ చేస్తున్నారా? అయితే రాత్రి 2 గంటలకు "గార్డు సైట్ దాటి వెళ్లాడు" అని అలర్ట్ రాగానే ఫోన్ చేసి కేకలేయకండి. ముందు మ్యాప్ మీద ఆ పాయింట్ (గార్డు ఉన్న చోటు చూపే చుక్క) యాక్యురసీ ఎంతో, అంటే ఎన్ని మీటర్ల తేడా ఉండొచ్చో చూడండి. ఆరుబయట ఫోన్ జీపీఎస్ 5 మీటర్లు అటూ ఇటూగా చూపిస్తుంది. ఎత్తైన బిల్డింగుల మధ్య సిగ్నల్ గోడలకు తగిలి వస్తుంది కాబట్టి మనిషి కుర్చీలోనే ఉన్నా చుక్క రోడ్డెక్కేస్తుంది. జియోఫెన్స్ (సైట్ చుట్టూ యాప్‌లో గీసే హద్దు) 20 మీటర్లు పెడితే రాత్రంతా ఉత్తుత్తి అలర్టులే. 100 మీటర్లు పెట్టి, వరుసగా 3 పాయింట్లు బయట పడితేనే మోగేలా చేయండి.

సెల్లార్‌లో జీపీఎస్ మీద ఆశ వదులుకోవడమే. అక్కడ రౌండ్లకు ఎన్ఎఫ్‌సీ ట్యాగులు (ఫోన్ దగ్గరగా ఆనిస్తేనే రీడ్ అయ్యే చిన్న చిప్ స్టిక్కర్లు) అంటించాలి. క్యూఆర్ కోడ్ అయితే ఒకసారి ఫొటో తీసుకుని, కూర్చున్న చోటి నుంచే స్కాన్ చేసేస్తారు (చేస్తారు, అనుమానం అక్కర్లేదు). ఇనుప తలుపు మీద మామూలు ట్యాగ్ రీడ్ అవ్వదు. వెనక ఫెర్రైట్ (లోహం అడ్డు తగలకుండా చూసే అయస్కాంత పదార్థం) పొర ఉన్న యాంటీ మెటల్ ట్యాగే కొనాలి.

ట్రాక్ అరగంటకోసారి తెగిపోతోందా? చాలాసార్లు తప్పు గార్డుది కాదు, ఫోన్ బ్యాటరీ సేవర్‌ది. స్క్రీన్ ఆరిపోగానే యాప్‌ను నిద్రపుచ్చేస్తుంది. యాప్ బ్యాటరీ సెట్టింగ్ 'అన్‌రిస్ట్రిక్టెడ్'లో, లొకేషన్ పర్మిషన్ 'ఆల్ ది టైమ్'లో ఉండాలి. 12 గంటల షిఫ్టుకు పవర్ బ్యాంక్ కూడా ఇవ్వండి.

డ్యూటీ దిగగానే ట్రాకింగ్ దానంతటదే ఆగిపోవాలి. లేదంటే లొకేషన్ వాళ్లే ఆపేస్తారు, మర్నాడు ఆన్ చేయడం మర్చిపోతారు.