నల్ల మంచం, నల్ల బీరువా, మధ్యలో ఒక ఓటీపీ

నిన్న సాయంత్రం బీరువాకి చివరి తలుపు బిగించి వెళ్లారు. నాకింకా కోపం దిగలేదు, అందుకే వేడి మీదే రాసేస్తున్నా. పడకగదిలో నల్ల ఫర్నిచర్ పెట్టుకుందామనుకునేవాళ్లకి పనికొచ్చే సంగతులు ఇందులో కొన్ని ఉన్నాయి. షోరూమ్ వాళ్ల మీద నా అక్కసు కూడా ఉంది. రెండూ కలిపే చదువుకోండి.

మాది నిజాంపేటలో అపార్ట్‌మెంట్. గది పన్నెండు అడుగులు బై పదకొండు. నలుపే ఎందుకంటే నాకిష్టం, అంతే. ఎవరింటికి వెళ్లినా అదే తేనె రంగు టేకు, అదే వాల్‌నట్ చూసి చూసి విసుగొచ్చింది. సంగతి తెలిసి మా అత్తయ్య తెనాలి నుంచి ఫోన్ చేశారు. "పడుకునే గదికి నలుపేంటమ్మాయ్? ఏరి కోరి శనిని తెచ్చి పక్కలో పెట్టుకుంటారా ఎవరైనా?" అన్నారు. "నలుపు నారాయణ మెచ్చు అని మీ అబ్బాయి రంగు గురించి మీరేగా అత్తయ్యా అంటారు" అన్నాను. నవ్వేశారు. ఇంక ఆ మాట ఎత్తలేదు.

నల్ల సామాను గదిని ఇరుకు చేసేస్తుందని అందరూ భయపెడతారు. నేను చూసినంతలో ఇరుకు వచ్చేది ఎక్కువగా కొలతల దగ్గరే. 72 అంగుళాల వెడల్పు కింగ్ మంచం మానేసి 60 బై 78 క్వీన్ సైజు తీసుకున్నాను. అదీ కాళ్ల మంచం. కింద నేల కనబడుతుంటే నల్ల మంచమైనా బరువుగా అనిపించదు. అదే కింద స్టోరేజీ ఉన్న పెట్టె మంచమైతే గది మధ్యలో బండ పెట్టినట్టే. మంచం చివరికీ బీరువాకీ మధ్య రెండడుగులే మిగిలింది కాబట్టి స్లైడింగ్ తలుపులు. బయటికి తెరిచే తలుపులైతే బట్టలు తీసుకోవాలన్న ప్రతిసారీ మంచం ఎక్కాలి.

గోడలకి పాలలాంటి తెలుపు వద్దని పెయింటర్‌తో గట్టిగా చెప్పి మీగడ రంగు వేయించాను. మంచం వెనక గోడ ఒక్కటి ఇటుక రంగు. అతను రెండో కోటుకి ముందే "సూపర్ మేడమ్" అన్నాడు, వాళ్లు అన్నిటికీ అదే అంటారనుకోండి.

లైట్లు ట్రూప్ బజార్‌లో కొన్నాను. మన ఇళ్లలో ట్యూబ్‌లైట్ అంటే దాదాపు 6500 కెల్విన్ తెల్ల వెలుతురే. ఆ వెలుతురులో నల్ల ఫర్నిచర్ నీలంగా, ఎవరూ లేని ఆఫీసులా ఉంటుంది. 2700 అడిగితే షాపతను "వార్మ్ అంటే డిమ్ మేడమ్, ఫంక్షన్ హాళ్లకి పెడతారు" అన్నాడు. శుద్ధ అబద్ధం. వెలుతురు ఎంతన్నది ల్యూమెన్లలో ఉంటుంది, పసుపా తెలుపా అన్నది కెల్విన్లలో ఉంటుంది. రెండూ డబ్బా మీదే రాసి ఉంటాయి, చదువుకుంటే చాలు. మంచానికి అటొకటి ఇటొకటి 2700 ల్యాంపులు పెట్టాను. ఊడ్చుకోడానికీ, బట్టలు మడతపెట్టుకోడానికీ పాత ట్యూబ్‌లైట్ అలాగే ఉంచాను.

ఇక్కడిదాకా సాఫీగానే సాగింది. అసలు కథ ఫర్నిచర్ షోరూమ్‌లో మొదలైంది. పేరు రాయను. పెద్ద షోరూమే, పైనంతా పసుపు స్పాట్‌లైట్లు, లోపలికి అడుగుపెట్టగానే చేతిలో కాఫీ. మంచం, బీరువా, రెండు సైడ్ టేబుళ్లు, అన్నీ నలుపు, అన్నీ మ్యాట్. గ్లాసీ తీసుకుంటే వేలిముద్రలు తుడుచుకుంటూ కూర్చోవాలి, అందుకని మ్యాట్. సేల్స్ అబ్బాయి నా ముందే వాట్సాప్‌లో "బెడ్, వార్డ్‌రోబ్, సైడ్ టేబుల్స్, ఆల్ బ్లాక్ కన్‌ఫర్మ్ మేడమ్" అని పంపాడు. డబ్బు మొత్తం నా జీతంలోంచి కట్టాను. ఈ మాట ఎందుకు చెప్తున్నానో ముందు ముందు తెలుస్తుంది.

సామాను సాయంత్రం వచ్చింది. లిఫ్ట్ వాడుకున్నందుకు అసోసియేషన్ వాళ్లు డబ్బులు తీసుకున్నారు. ఫిట్టింగ్ కుర్రాళ్లు హిందీలో పాటలు పాడుకుంటూ రాత్రికల్లా అంతా బిగించేశారు. ల్యాంపులు వేసి చూస్తే ఎంత బాగుందో.

తెల్లారి కర్టెన్ తీశాను. మాది తూర్పు కిటికీ. ఎండ సూటిగా బీరువా మీద పడింది. మంచం నలుపు. బీరువా మాత్రం చాక్లెట్ రంగు. ముదురు చాక్లెట్టే, కానీ చాక్లెట్టే. అందులో సన్నటి ఎర్రటి చారలు కూడా కనబడుతున్నాయి. సైడ్ టేబుళ్లదీ అదే సంగతి. మంచాన్ని ఆనుకుని ఉంటాయి కాబట్టి వాటి దగ్గర తేడా ఇంకా కొట్టొచ్చినట్టుంది.

తర్వాత తెలుసుకున్నదేమిటంటే, ఒక వెలుతురులో ఒకేలా కనబడే రెండు రంగులు ఇంకో వెలుతురులో వేరైపోవడం అద్దకం పనివాళ్లకీ పెయింట్ కంపెనీలకీ బాగా తెలిసిన విషయమే. మెటామెరిజం అంటారు. నలుపులోనే నీలం వైపు మొగ్గేది ఒకటి, గోధుమ వైపు మొగ్గేది ఒకటి ఉంటాయి. మాకు వచ్చిన బీరువా అసలు నలుపే కాదు, వెంగే. మధ్య ఆఫ్రికాలో పెరిగే ఒక చెట్టు కలప పేరది. ముదురు గోధుమ రంగులో నల్లటి గీతలు ఉంటాయి. ఆ రంగునీ ఆ గీతల్నీ కాగితం మీద అచ్చేసి లామినేట్ చేసి అమ్ముతారు. షోరూమ్ స్పాట్‌లైట్ల కింద అది నలుపు, మనింటి ఎండలో చాక్లెట్.

యాప్‌లో కంప్లయింట్ పెట్టాను. పగలు రండి, ఎండలో చూడాలి అని స్పష్టంగా రాశాను. టెక్నీషియన్ రాత్రి ఎనిమిదికి వచ్చాడు. సెల్‌ఫోన్ టార్చ్ బీరువా మీద కొట్టి, "బ్లాకే కదా మేడమ్" అన్నాడు. పొద్దున తీసిన ఫొటోలు చూపించాను. "ఫొటోలో కలర్ మారుతుంది" అన్నాడు. అదీ నిజమే, కాదనలేం. సరే, వచ్చి వెళ్లినట్టు ఓటీపీ చెప్పండి అన్నాడు. మెసేజ్‌లోనూ విజిట్ కన్‌ఫర్మేషన్ అనే ఉంది. చెప్పాను. అతను లిఫ్ట్ దిగేలోపు యాప్‌లో నా కంప్లయింట్ పక్కన ఆకుపచ్చ టిక్కు పడింది. సమస్య పరిష్కారమైందట, కస్టమర్ సంతృప్తి చెందారట! నా సంతృప్తి సంగతి నాకంటే ముందు యాప్‌కి తెలిసింది. మళ్లీ పెడదామంటే అదే ఆర్డర్ మీద కొత్త కంప్లయింట్ తీసుకోదు. కాల్ సెంటర్ అమ్మాయి పాపం మర్యాదగానే మాట్లాడింది కానీ, "సిస్టమ్‌లో క్లోజ్ అయ్యిందండీ" తప్ప ఇంకో ముక్క చెప్పలేదు. మీ ఇంటికి ఎవరైనా వచ్చి ఓటీపీ అడిగితే, ముందు వాళ్లు ఫారంలో ఏం రాశారో ఫొటో తీసుకోండి. రాయకపోతే ఓటీపీ లేదనండి. మొహమాటపడకండి.

షోరూమ్‌కి వెళ్లాను. శనివారం, జనం బాగానే ఉన్నారు. మేనేజర్ నా బిల్లు తీసి చూశాడు. మంచం ఎదురుగా "బ్లాక్" అని ఉంది. బీరువాకీ సైడ్ టేబుళ్లకీ "డార్క్ ఫినిష్" అని ఉంది. "చూశారా మేడమ్, డార్కే ఇచ్చాం" అన్నాడు. వాట్సాప్ మెసేజ్ చూపించాను. ఆ అబ్బాయి మానేశాడట. రంగు తేడా కంటికి కనబడుతోంది కదండీ అన్నాను. అందరికీ వినబడేలా, "లేడీస్‌కి చీరల అలవాటు కదా మేడమ్, ప్రతి దాంట్లో షేడ్ చూస్తారు. సార్ రాలేదా? సార్‌ని ఒకసారి తీసుకురండి, నేను మాట్లాడతాను" అన్నాడు.

పక్కన సోఫా చూసుకుంటున్న కుటుంబం నా వైపు తిరిగింది. కాఫీ ఇచ్చే కుర్రాడు ట్రే పట్టుకుని నిలబడిపోయాడు. నాకు మొహం వేడెక్కిపోయింది. మా ఆయన పుణెలో ఉద్యోగం, నెలకోసారి వస్తారు. ఆయనకి నెమలి కంఠం రంగుకీ ఆకుపచ్చకీ తేడా తెలియదు. నా డబ్బుతో, నా పేరు మీద బిల్లుతో కొన్న బీరువా రంగు గురించి ఈ మనిషి ఆయనతో ఏం మాట్లాడతాడు? ఆ క్షణంలో చాలా అనాలనిపించింది, నోరు పెగల్లేదు. "వస్తాను" అని ఒక్క మాట అని బయటికొచ్చాను. పార్కింగ్‌లో స్కూటీ తాళం చాలాసేపు దొరకలేదు, చేతిలోనే ఉంది.

ఆ రాత్రి కూర్చుని 2019 వినియోగదారుల రక్షణ చట్టం చదివాను. భయపడక్కర్లేదు, అర్థమయ్యే భాషలోనే ఉంది. అమ్మేవాడు ఏ గుణం ఉందని చెప్పి అమ్మాడో అది లేకపోయినా లోపం కిందికే వస్తుంది. లోపమున్న వస్తువుని బిల్లులో రాసిన గడువులోగా, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోననడం అనుచిత వ్యాపార పద్ధతి అని అందులో ఉంది. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని గోడకి బోర్డు తగిలించినంత మాత్రాన చట్టం మారదు. 1915కి ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ వాళ్లు ఫిర్యాదు రాసుకుని నంబర్ ఇస్తారు. అది కోర్టు కాదు, కంపెనీకి పంపి జవాబు అడుగుతారు, అంతే. దానికీ లొంగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మనం ఉండే చోటే కేసు వేయొచ్చు, చెల్లించిన సొమ్ము 5 లక్షల దాకా అయితే ఫీజు లేదు, మన వాదన మనమే చెప్పుకోవచ్చు. కేసు వేయడానికి గడువు రెండేళ్లు. నేను హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టి నంబర్ రాసుకున్నాను.

తర్వాత పొద్దున్నే అలెన్ కీ తీసుకుని మంచానికి కాళ్ల వైపు ఉన్న అడ్డ చెక్క విప్పాను. ఒక సైడ్ టేబుల్‌నీ ఆ చెక్కనీ ఆటోలో ఎక్కించాను. ఐదడుగుల చెక్క కదా, సగం బయటికే ఉంది. "ఏంది మేడమ్, అమ్మేస్తుండ్రా?" అన్నాడు ఆటో అతను. కాదన్నా, రంగు చూపించాలి అన్నాను. వింతగా చూశాడు కానీ సాయం పట్టాడు.

షోరూమ్ మెట్లు తూర్పు ముఖం. అప్పుడే షట్టర్ ఎత్తుతున్నారు. మంచి ఎండ. రెండిటినీ మెట్ల మీద పక్కపక్కన పెట్టి నేను పై మెట్టు మీద కూర్చున్నాను. అరవలేదు, ఎవరినీ పిలవలేదు. కాసేపటికి ఒక జంట వచ్చింది, పెళ్లైన కొత్తనుకుంటా. ఆ అమ్మాయి ఆగి, "ఇవి రెండూ ఒక సెట్టేనాండీ?" అంది. "బిల్లులో అవునమ్మా, ఎండలో కాదు" అన్నాను. ఆ అబ్బాయి వంగి మరీ చూశాడు. వాళ్లు లోపలికి వెళ్లి, డిస్‌ప్లేలో ఉన్న బీరువా సొరుగు బయటికి తీసుకొచ్చి ఎండలో చూడాలని అడిగారట. మేనేజర్ పరుగులాంటి నడకతో వచ్చాడు. "మేడమ్, ఇక్కడెందుకు, క్యాబిన్‌లో కూర్చుని మాట్లాడుకుందాం" అన్నాడు. ఇక్కడ వెలుతురు బాగుందండీ, ఇక్కడే మాట్లాడదాం అన్నాను. ఫిర్యాదు నంబర్ చదివి వినిపించాను.

బీరువా తలుపులు, సైడ్ టేబుళ్లు మారుస్తామని లెటర్‌హెడ్ మీద రాయించుకున్నాను. రంగు పేరుతో ఊరుకోకుండా మంచానికి వాడిన లామినేట్ కోడ్ నంబర్ కూడా రాయమన్నాను. మీరు కొనేటప్పుడే ఈ పని చేయండి. కోడ్ బిల్లు మీద ఉండాలి, శాంపిల్ ముక్క మీ దగ్గర ఉండాలి. ఆ ముక్కని మీ గదిలోనే పగలొకసారి, రాత్రొకసారి చూసుకోండి. అలా ఇవ్వనన్న కొట్టులో కాఫీ కూడా తాగకండి.

ఇప్పుడు గది చూస్తే మాత్రం, నా నోటితో నేను చెప్పుకోకూడదు కానీ, అదిరిపోయింది. మంచం పక్కన వరంగల్ కొత్తవాడ జంపఖానా, ఎరుపూ తెలుపూ చారలది. ఆ నేతకి 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నల్ల చెక్క పక్కన అలాంటి ముతక నూలు ఉంటేనే గదికి వెచ్చదనం వస్తుంది, మెరిసే శాటిన్‌తో రాదు. తెల్ల దుప్పటి మీద పోచంపల్లి ఇక్కత్ దిండ్లు. సైడ్ టేబుల్ మీద చిన్న బిద్రీ కూజా. జింకూ రాగీ కలిసిన లోహం మీద వెండి పొదిగి, బీదర్ కోట మట్టితో నవాసాగరం అనే లవణం కలిపి రుద్దితే వస్తుంది ఆ నలుపు. మట్టి తగలగానే లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం అలాగే మెరుస్తుంది. ఇటుక రంగు గోడ ముందు పెట్టాను కాబట్టి దాని ఆకారం కనబడుతోంది, నల్ల బీరువా ముందైతే కలిసిపోయేది.

కష్టాలూ ఉన్నాయి. నలుపు మీద దుమ్ము దాగదు, రోజూ పొడి మైక్రోఫైబర్ గుడ్డ వేయాల్సిందే. మ్యాట్ కదా అని నిశ్చింతగా ఉండడానికీ లేదు. తలకి కొబ్బరి నూనె రాసుకుని ఆనుకుంటే హెడ్‌బోర్డు మీద అచ్చు అలాగే ఉండిపోతుంది. అందుకే దానికి ఉతుక్కునే నూలు గుడ్డ తొడుగు కుట్టించాను. అంచు ఎక్కడైనా చితికితే లోపలి చెక్కపొట్టు బోర్డు తెల్లగా బయటపడుతుంది. సొరుగులో ఒక నల్ల మార్కర్ పడేసి ఉంచుకోండి.

ఈ పొద్దున అదే మేనేజర్ మెసేజ్ పెట్టాడు, గది చాలా బాగుందని ఫిట్టింగ్ వాళ్లు చెప్పారట, ఫొటోలు పంపితే షోరూమ్ పేజీలో వేసుకుంటారట. "సార్‌ని అడిగి చెప్తానండీ" అని జవాబిచ్చాను.