పట్టపగలే భయపెట్టిన సినిమా

‘ది టెక్సస్ చైన్ సా మాసకర్’ చూసినవాళ్లను అందులో నెత్తురు ఎంత కనబడుతుందని అడిగితే, తెర నిండా నెత్తురేనని చాలామంది నమ్మకంగా చెబుతారు. మళ్లీ చూడమని కూర్చోబెడితే వాళ్లే ఆశ్చర్యపోతారు. 1974లో విడుదలైన ఈ సినిమాలో చైన్ సా అనే యంత్రపు రంపం ఒంటిని కోయడం స్పష్టంగా కనిపించే షాట్లు దాదాపు లేవు. నెత్తురు కూడా ఆ తర్వాత పదేళ్లలో వచ్చిన ఏ సాదాసీదా స్లాషర్ (హంతకుడు ఒక్కొక్కరినే చంపుకుంటూ పోయే) సినిమాతో పోల్చినా చాలా తక్కువ. అయినా యాభై ఏళ్లు దాటాక కూడా దీని పేరు చెబితే ముఖం చిట్లించేవాళ్లున్నారు. చూపించని దానిని చూశామని ప్రేక్షకుడి చేత ఒట్టు వేయించగలిగిన ఈ సినిమా గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. దీని బలమంతా డబ్బు లేకపోవడం వల్ల వచ్చిందని తరచూ వినబడే మాట నాకు సగమే నిజమనిపిస్తుంది కాబట్టి, ఆ మిగతా సగం గురించే ఇక్కడ ఎక్కువగా మాట్లాడతాను.

కథ రెండు వాక్యాల్లో చెప్పవచ్చు. టెక్సస్‌లో ఒక శ్మశానంలో సమాధులు తవ్వి శవాలను అపవిత్రం చేస్తున్నారని వార్తలు రావడంతో, తమ తాతగారి సమాధి భద్రంగా ఉందో లేదో చూసుకోవడానికి శాలీ, చక్రాల కుర్చీకి పరిమితమైన ఆమె సోదరుడు ఫ్రాంక్లిన్, మరో ముగ్గురు స్నేహితులు ఒక వ్యాన్‌లో బయలుదేరుతారు. పాడుబడిన తమ పాత ఇంటి దగ్గర ఆగినప్పుడు, పక్కనే ఉన్న మరో ఇంట్లో జనరేటర్ చప్పుడు విని, అక్కడ పెట్రోలు దొరుకుతుందేమోనని వాళ్లలో ఒకడు లోపలికి అడుగు పెడతాడు.

ఆ అడుగు పెట్టిన ఘట్టం దగ్గర కాసేపు ఆగాలి. కర్క్ అనే ఆ యువకుడు తలుపు కొడతాడు, పిలుస్తాడు, ఎవరూ పలకరు. హాలు చివర తెరిచి ఉన్న ద్వారంలోంచి ఎర్రని గోడ, దాని మీద వరసగా తగిలించిన జంతువుల పుర్రెలు కనిపిస్తాయి. లోపలినుంచి పంది గుర్రుమన్నట్టు ఒక శబ్దం వస్తుంది. అతడు అటు పరుగెత్తి గడప దగ్గర తడబడతాడు. అంతలో ముఖానికి చర్మపు ముసుగు వేసుకున్న ఒక భారీ మనిషి ద్వారంలో ప్రత్యక్షమై, సుత్తితో నెత్తి మీద ఒక్క దెబ్బ కొడతాడు. కింద పడిన కర్క్ కాళ్లు కబేళాలో పశువు కాళ్లలాగే కొట్టుకుంటాయి. మరో దెబ్బ పడుతుంది. ముసుగు మనిషి అతణ్ణి లోపలికి లాగేసి, ఇనుప తలుపును దభాలున పక్కకు లాగి మూసేస్తాడు. ఇదంతా కొన్ని సెకన్లలో ముగిసిపోతుంది. దెబ్బ పడబోయే ముందు ‘ఇప్పుడు భయపడండి’ అని సంగీతం హెచ్చరించదు, కెమెరా హంతకుడి ముఖం మీదికి ఉరకదు, చచ్చిపోయేవాడికి అరవడానికి కూడా వ్యవధి ఉండదు. హారర్ సినిమాలు చూసి చూసి రాటుదేలినవారికి ఏ క్షణంలో కుర్చీ పట్టుకోవాలో ముందే తెలిసిపోతుంది. ఈ సినిమా ఆ అలవాటు మీదే దెబ్బకొడుతుంది.

కర్క్ కోసం బయట ఉయ్యాల బల్ల మీద కూర్చున్న అతని స్నేహితురాలు పామ్ లేచి ఇంటివైపు నడిచే షాట్‌ను నేను ఎన్నిసార్లు చూసినా విసుగు రాదు. ఛాయాగ్రాహకుడు డేనియల్ పెర్ల్ కెమెరాను నేలబారుగా ఉంచి, ఉయ్యాల కిందినుంచి ఆమె వెనకే పోనిచ్చాడు. ఆమె ముందుకు వెళ్లేకొద్దీ ఆ తెల్లని ఇల్లు పెరిగి పెరిగి ఆకాశాన్ని కప్పేస్తుంది. చుట్టూ ఎండ, నీలాకాశం, పచ్చగడ్డి. చీకటి, వాన, కిర్రుమనే గేటు లాంటి పాత సరంజామా ఒక్కటీ లేదు. పెర్ల్‌కు అప్పటికి ఇరవై దాటి ఎంతోకాలం కాలేదు. ఈ షాట్ డబ్బు లేనందువల్ల పుట్టింది కాదు. డబ్బు లేనివాళ్లు సాధారణంగా ఇలాంటి షాట్లు తీయరు, కెమెరాను ఒకచోట నిలబెట్టి పని కానిచ్చేస్తారు.

పేదరికం ఇచ్చినది ఏమీ లేదని కాదు. 1973 వేసవిలో, ఆస్టిన్ నగరానికి ఉత్తరాన రౌండ్ రాక్ పరిసరాల్లో, పేరు లేని స్థానిక నటులతో, 16 ఎం.ఎం. ఫిల్ము మీద దీనిని చిత్రీకరించి, తర్వాత 35 ఎం.ఎం.కు పెంచారు. చిన్న ఫిల్మును పెద్దది చేసినప్పుడు వచ్చే ఆ గరుకుదనం వల్ల ప్రతి దృశ్యం ఎవరో విలేఖరి తీసిన వార్తాచిత్రంలా అనిపిస్తుంది. వాడిన ఫిల్ముకు వెలుతురు బాగా కావాలి కాబట్టి ఎండ తప్పనిసరైంది. అయితే అదే కాలంలో అలాంటి ఫిల్ము మీదే, అంతే డబ్బుతో, అలాంటి ఎండలోనే ఎన్నో సినిమాలు తయారయ్యాయి; వాటి పేర్లు నేడు ఎవరికీ గుర్తులేవు. గరుకుదనం దానంతటదే కళ కాదు. దానిని ఎక్కడ నిలపాలో తెలిసినవాడి చేతిలో పడినప్పుడే అది పనికొచ్చింది.

చూపించకపోవడం అనే విద్యకు పామ్ కొక్కెం ఘట్టం మరో ఉదాహరణ. ముసుగు మనిషి ఆమెను ఎత్తి, మాంసం వేలాడదీసే కొక్కేనికి తగిలిస్తాడు. కొక్కెం ఒంట్లో దిగడం మనం ఎక్కడా చూడము. ఆమె ముఖం, గాలిలో కాళ్లు, కింద పెట్టిన బకెట్టు మాత్రమే చూస్తాము. ఆ బకెట్టు ఎందుకు పెట్టారో ప్రేక్షకుడి మనసు క్షణంలో లెక్క కట్టుకుంటుంది, ఆ లెక్కలోనే ఉంది క్రూరత్వమంతా. పిల్లలను కూడా అనుమతించే ‘పీజీ’ రేటింగు వస్తుందన్న ఆశతో దర్శకుడు టోబి హూపర్ నెత్తురు తగ్గించుకున్నాడన్నది ఈ సినిమా చరిత్రలో నాకు అన్నిటికంటే నవ్వు తెప్పించే సంగతి. అమెరికాలో చివరికి, పెద్దల తోడు లేకుండా పిల్లలను రానివ్వని ‘ఆర్’ రేటింగే వచ్చింది. బ్రిటన్ సెన్సార్ బోర్డు 1975లో ధ్రువపత్రం నిరాకరించింది. తర్వాత కత్తిరించి చూద్దామనుకుంటే, ఫలానా ముక్క తీసేస్తే సరిపోతుందని చెప్పడానికి అలాంటి ముక్కే దొరకలేదు. చివరికి 1999లో ఒక్క కోత కూడా లేకుండా పెద్దల సినిమాగా అనుమతించారు. ఒక దర్శకుడికి సెన్సార్‌వారు ఇంతకంటే గొప్ప యోగ్యతాపత్రం ఇవ్వలేరేమో.

ఇక శబ్దం. హూపర్, వేన్ బెల్ కలిసి చేసిన నేపథ్య ధ్వనిలో పాడుకోదగిన స్వరం ఒక్కటీ ఉండదు. లోహాల గీరుడు, తాళాల మోత, ఎక్కడినుంచో వచ్చే మూలుగు మాత్రమే ఉంటాయి. మొదటి నిమిషంలో, నల్లని తెర మీద కెమెరా ఫ్లాష్ వెలిగినప్పుడల్లా కుళ్లిన చెయ్యి, పళ్లు ముక్కలుముక్కలుగా కనబడి మాయమవుతుంటే, దానితోపాటు వచ్చే ఆ సాగదీసిన కీచుమోత ఒకసారి విన్నవారికి మరచిపోవడం కష్టం. తర్వాత జనరేటర్ గుయ్యిమనడం, చివరి అరగంటలో రంపం మోత, శాలీ అరుపులు కలిసిపోయి, ఏది యంత్రమో ఏది మనిషో తెలియని ఒకే ధార అవుతాయి. అలసట కలిగించడమే ఆ భాగం ఉద్దేశమని నాకనిపిస్తుంది. భయం కొంతసేపటికి అలవాటైపోతుంది, అలసట మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

కళాదర్శకుడు రాబర్ట్ బర్న్స్ అమర్చిన ఇంటి గురించి ప్రత్యేకంగా ఒక వ్యాసం రాయవచ్చు. పామ్ తూలి పడే గదిలో నేల నిండా ఈకలు, ఎముకలు. ఎముకలతో అలంకరించిన సోఫా. చిన్న పంజరంలో కుక్కిన కోడి. చాలావరకు అసలు జంతువుల ఎముకలే వాడారు. ఆ ఇంట్లో ఉండే హంతకుల కుటుంబం కేవలం చంపేవాళ్లు కాదు, చంపినదాన్ని వృథా పోనివ్వని గృహస్థులు అని ఆ గది ఒక్క సంభాషణ లేకుండా చెబుతుంది. ఈ సినిమాలోని హాస్యం కూడా అక్కడినుంచే పుడుతుంది. ఇంటి పెద్దగా వ్యవహరించే వంటవాడు ఇంటికి రాగానే చూసి బాధపడేది మనుషులు చచ్చినందుకు కాదు, ముసుగు మనిషి రంపంతో వీధి తలుపు పాడుచేసినందుకు. ఆ చిరాకు ఎంత మామూలుగా ఉంటుందంటే, నవ్వాలో వద్దో తెలియక నోరు సగం తెరిచి ఆగిపోతాము.

ఆ కుటుంబానికి ఒక వృత్తి చరిత్ర ఉంది. దారిలో వ్యాన్ ఎక్కిన, ఆ ఇంటివాడే అయిన యువకుడు కబేళా గురించి మాట్లాడుతూ, పాత సుత్తి పద్ధతే మంచిదని, కొత్త యంత్రం వచ్చి మనుషుల పనులు పోయాయని అంటాడు. ఆ ఇంటి తాతగారు ఒకప్పుడు కబేళాలో అందరికంటే నేర్పరి అని, శాలీని బంధించి కూర్చోబెట్టిన విందు దగ్గర గర్వంగా చెప్పుకుంటారు. పని పోయినా చేతి అలవాటు పోని మనుషులు వీళ్లు. పెట్రోలు బంకులో పెట్రోలు లేకపోవడం కథకు ఒక చిన్న మెలిక మాత్రమే. కానీ సినిమా విడుదలైన నాటి అమెరికా ప్రేక్షకులు 1973 చివర మొదలైన చమురు సంక్షోభంలో బంకుల ముందు బారులు తీరి ఉన్నవాళ్లే. వియత్నాం యుద్ధం, వాటర్‌గేట్ రాజకీయ కుంభకోణం వాళ్లకు రోజూ కనిపించిన వార్తలు. ఇది యథార్థ గాథ అని మొదట్లో తెర మీద వేసిన ప్రకటన అబద్ధం. 1957లో విస్కాన్సిన్‌లో పట్టుబడిన ఎడ్ గీన్ అనే హంతకుడి ఇంట్లో దొరికిన చర్మపు ముసుగులు, ఎముకల సామాను హూపర్‌కు, సహరచయిత కిమ్ హెంకెల్‌కు ప్రేరణ అయ్యాయి కాని, అక్కడ టెక్సస్ లేదు, రంపమూ లేదు. ప్రభుత్వం తమకు చెబుతున్న అబద్ధాల మీద అసహనంతోనే ఆ ప్రకటన పెట్టానని హూపర్ తర్వాత చెప్పుకున్నాడు. ఆ వివరణను నేను పూర్తిగా నమ్మను. టికెట్లు అమ్మే తెలివి కూడా అందులో కొంత ఉండే ఉంటుంది.

ముసుగు మనిషి లెదర్‌ఫేస్‌గా వేసిన గున్నార్ హాన్సెన్‌కు మాటలు లేవు, ముఖం లేదు. అయినా జెర్రీ అనే మరో యువకుణ్ణి చంపిన తర్వాత అతడు కిటికీ దగ్గరికి పరుగెత్తి బయటికి చూసి, కుర్చీలో కూలబడి తల పట్టుకునే చిన్న ఘట్టం ఉంది. ఇంకా ఎంతమంది వస్తారో అని అతడు భయపడుతున్నాడు. అతని వైపునుంచి చూస్తే ఎవరెవరో అపరిచితులు పిలవకుండా వరసగా ఇంట్లోకి చొరబడుతున్నారు. ఈ ఒక్క ఘట్టం చాలు. అతని బాల్యం, రోగం, పూర్వకథ మనకు అక్కర్లేదు. తర్వాతి సినిమాల్లో కొన్ని సరిగ్గా అవే వివరించడానికి పూనుకుని, వివరించినకొద్దీ అతణ్ణి చిన్నవాణ్ణి చేశాయి.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. వ్యాన్‌లోని యువతీయువకుల్లో ఫ్రాంక్లిన్ తప్ప మరొకరికి గుర్తుంచుకోదగిన స్వభావం లేదు, ఆ ఫ్రాంక్లిన్ సణుగుడేమో సహనానికి పరీక్ష. అంతకంటే ఇబ్బంది పెట్టే సంగతి మరొకటుంది. విందు ఘట్టాన్ని కిటికీలకు నల్లగుడ్డలు కట్టి, టెక్సస్ వేసవిలో, లైట్ల వేడికి బల్ల మీది మాంసం కుళ్లుతుండగా, 24 గంటలకు పైగా ఏకధాటిగా తీశారు. తాతగా నటించిన ఇరవై ఏళ్ల జాన్ డ్యూగన్‌కు ఆ ముసలి మేకప్ మళ్లీ వేయించే అవస్థ తప్పించడం కోసమే ఈ తొందర. శాలీ వేలు కోసే షాట్‌లో నకిలీ నెత్తురు గొట్టం పనిచేయకపోతే విసిగిపోయి నిజంగానే కోశానని హాన్సెన్ తర్వాత ఒప్పుకున్నాడు. శాలీగా నటించిన మెరిలిన్ బర్న్స్ కళ్లను కెమెరా అతి దగ్గరగా, నరాలు కనిపించేటంత దగ్గరగా చూపిస్తున్నప్పుడు, అందులో నటన ఎంతో హింస ఎంతో నాకిప్పటికీ తెలియదు. ఆ దృశ్యం గొప్పదని నేను అనగలను, అలా తీయడం సబబని మాత్రం అనలేను. సినిమా అమెరికాలోనే 3 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసినా నటులకు, సాంకేతికులకు దక్కింది బహు స్వల్పమన్నది ఆ బాధకు మరో తోక.

ముసుగు, పనిముట్టు, చివరికి మిగిలే ఒక్క అమ్మాయి అనే స్లాషర్ మూస ఇక్కడే రూపుకట్టిందని అంటారు. అనుసరించినవాళ్లు ఆ మూడింటినీ తీసుకున్నారు, ఒకటి వదిలేశారు. తర్వాతి స్లాషర్లలో చాలాచోట్ల తప్పు చేసినవాడు చస్తాడు, బుద్ధిగా ఉన్నది బతుకుతుంది, ఆఖరున తిరగబడి గెలుస్తుంది. ఇక్కడ ఎవరి చావుకూ కారణం లేదు. శాలీ గెలవదు, కిటికీ అద్దం పగలగొట్టుకుని దూకి, పరుగెత్తి, దారిన పోయే ట్రక్కు ఎక్కి తప్పించుకుంటుంది. లెదర్‌ఫేస్ చావడు, కుటుంబం పట్టుబడదు, పోలీసులు రారు.

న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం ఈ సినిమాను తన శాశ్వత సేకరణలో చేర్చుకుంది; 2024లో అమెరికా జాతీయ చలనచిత్ర భాండాగారపు జాబితాలోకీ ఎక్కింది. ఈ గౌరవాలకంటే 2003లో వచ్చిన పునర్నిర్మాణం నాకు మంచి సాక్ష్యంగా కనిపిస్తుంది. దానికీ ఛాయాగ్రాహకుడు డేనియల్ పెర్లే. పాతదానికి లేని డబ్బు, పరికరాలు, మూడు దశాబ్దాల అనుభవం ఈసారి ఆయన చేతిలో ఉన్నాయి. ప్రతి ఫ్రేమూ నున్నగా, అందంగా ఉంటుంది. అందులో కాలు తెగడం కనిపిస్తుంది, కొక్కేనికి వేలాడే మనిషి నరకం తీరిగ్గా కనిపిస్తుంది. రెండూ చూసిన వాళ్లను, ఏది ఎక్కువ క్రూరంగా ఉందని నేను అడిగినప్పుడల్లా, పాతదే అని జవాబు వస్తుంది. అందులో ఏం చూశారో చెప్పమంటే, లేని నెత్తురును వర్ణించడం మొదలుపెడతారు.