నా అనుభవం: ఈ రాత్రి ఏం నానబెట్టాలి?

వారం మొత్తానికి ఇంటిపని, వంట, నాకంటూ కాస్త ఖాళీ, ఈ మూడింటినీ ఒక కాగితం మీదకి తేవాలని ఎవరైనా అనుకుంటే నేను చెప్పేది ఒకటే, కూరల జాబితాతో మాత్రం మొదలుపెట్టకండి. మన ఇళ్ళల్లో రేపటి వంట ఈ రాత్రే మొదలవుతుంది. పప్పు నానబెట్టామా, పిండి రుబ్బామా, పాలు తోడేశామా, తెల్లారి ఆరింటికి టెన్షన్ పడతామా లేదా అనేది అక్కడే తేలిపోతుంది. అందుకే నా ప్లానులో ఏ రోజు గడి చూసినా మొదటి లైను "ఈ రాత్రి" అనే ఉంటుంది, కూర పేరు దాని కింద వస్తుంది.

మాది విజయవాడ, పటమట వైపు. నేను, మా ఆయన, అత్తయ్య, ఇంటర్ చదివే బాబు, ఎనిమిదో తరగతి పాప. బాబు కాలేజీ బస్సు తెల్లారకముందే వచ్చినట్టుంటుంది, అత్తయ్యకి షుగరు కాబట్టి టిఫిను వేళ దాటకూడదు, పాపకి బాక్సులో నిన్నటి కూర కనబడకూడదు. ఇంటర్నెట్లో దొరికే ప్లానర్లు బోలెడు చూశాను, చుట్టూ పువ్వుల బోర్డరు, రోజుకో గడి, ఆ గడిలో "డిన్నర్" అని ఒక్క ముక్క. మనకేమో పొద్దున టిఫిను, ఆ వెంటనే బాక్సులు, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం పిల్లలు రాగానే ఏదో ఒకటి, రాత్రికి మళ్ళీ అన్నమో చపాతీయో. అంతా ఆ గడిలో ఎక్కడ పడుతుంది? చివరికి కిరాణా కొట్టువాళ్ళు ఇచ్చిన పెద్ద గళ్ళ తెలుగు కేలండరే తీసుకున్నాను. ఎలాగూ పాల లెక్క రాసేది దాంట్లోనే, గ్యాసు బండ పెట్టిన తేదీ రాసేది దాంట్లోనే, పైగా తిథి, వారం, పండగ అన్నీ అందులోనే ఉంటాయి. పెన్సిల్‌తోనే రాస్తాను, చెరిపే పని రోజూ ఉంటుంది కదా.

ముందు మన చేతిలో లేనివి రాశాను. సోమవారం, శనివారం మాకు నీచు ఉండదు. శనివారం అత్తయ్య ఒంటిపూట, రాత్రికి టిఫినే. మంగళవారం, శుక్రవారం బూజు దులపకూడదు. శుక్రవారం పొద్దున్నే గడపకి పసుపు రాసి, బొట్లు పెట్టి, దీపం పెట్టాలంటే పూజ సామాను గురువారమే తోమేసి ఉండాలి. నాకు వీటన్నిటి మీద పెద్ద పట్టింపు ఉందని కాదు గానీ, ఇవి ఉండటం వల్లే సగం ప్లాను నేను వెయ్యకుండానే వచ్చేసింది. బూజు, ఫ్యాన్లు, పూజ సామాను, ఇల్లు తడిగుడ్డ పెట్టడం అన్నీ గురువారం మీదే పడ్డాయి. గురువారం ఇంత పని ఉంటే ఆ రోజు వంట తేలిగ్గా ఉండాలి కాబట్టి సాంబారు, అప్పడాలు, అంతే, వేపుడు అని ఎవరూ అడగకూడదు.

ఇక పిండి సంగతి. ఆదివారం మధ్యాహ్నం గ్లాసు మినపగుళ్ళు నానబెట్టి సాయంత్రం రుబ్బి, రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ కడిగి గట్టిగా పిండి కలిపేస్తాను. మాకు ఐదుగురికి ఒక పూటకి అది ఎక్కువే, కానీ ఎక్కువ కావాలనే చేస్తాను, ఎందుకంటే ఆ ఒక్క పిండే బుధవారం దాకా పనికొస్తుంది. సోమవారం పొద్దున ఇడ్లీ. మంగళవారం సాయంత్రం పిల్లలు వచ్చేసరికి దిబ్బరొట్టె, దీన్ని పొద్దున పెట్టుకుంటే మాత్రం పని కాదు, అడుగు మందంగా ఉన్న మూకుట్లో నూనె వేసి, పిండి మందంగా పోసి, మూత పెట్టి సన్న సెగ మీద వదిలేయాలి, తొందరపడి మంట పెంచితే అడుగు మాడుతుంది, మధ్యలో పచ్చిగా ఉంటుంది. అంచులు ఎర్రబడి మూకుడు నుంచి దానంతటదే ఊడిందంటే తిరగెయ్యొచ్చు. బుధవారానికి పిండి పులుస్తుంది, అప్పుడు కాస్త బొంబాయి రవ్వ, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, జీలకర్ర కలిపి పునుగులు. విజయవాడలో ఉంటూ పునుగులు బయట కొనుక్కోకుండా ఉండటం కష్టమే, మా ఆయన ఇప్పటికీ బండి దగ్గర ఆగుతారని నాకు తెలుసు, అది వేరే సంగతి.

పెసరట్టు బుధవారం పొద్దున. పెసలకి పులియబెట్టే గొడవ లేదు, మంగళవారం రాత్రి గుప్పెడు బియ్యంతో కలిపి నానబెడితే పొద్దున అల్లం, పచ్చిమిర్చితో రుబ్బి వేసెయ్యడమే. మంగళవారం గడిలో "ఈ రాత్రి పెసలు" అని ఉంటుంది, దాన్ని చూసేది నేనొక్కదాన్నే కాదు, వంటింట్లోకి మంచినీళ్ళకి ఎవరు వచ్చినా చూస్తారు. బాబు ఒకటి రెండు సార్లు తనే నానబోశాడు, నీళ్ళు సరిగ్గా పొయ్యలేదు గానీ నానబోశాడు.

ఒక మాట, ఇక్కడి ఎండాకాలంలో ఈ లెక్కంతా మారిపోతుంది. మే నెలలో రాత్రి పదింటికి రుబ్బిన పిండి తెల్లారేసరికి గిన్నె దాటి పొంగి, పుల్లటి వాసన వచ్చేస్తుంది. అప్పుడు పిండి రెండు విడతలుగా రుబ్బుకోవాలి, పెరుగు కూడా బాగా రాత్రయ్యాక తోడేయాలి.

కూరగాయలు. ఆదివారం పొద్దున్నే రైతుబజారుకి వెళ్తాం. 1999లో మొదలైన దగ్గర్నుంచీ మా అత్తయ్యకి అదే నమ్మకం, ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి కదా, బేరమాడే పని లేదు అంటారు, అని అక్కడే బేరమాడతారు. ఇంటికొచ్చాక ఏ రోజు ఏం వండాలి అనేది నా ఇష్టాన్ని బట్టి కాదు, కూర ఓపికని బట్టి. ముందు వాడిపోయేది ముందు వండాలి. తోటకూర, పాలకూర సోమ, మంగళవారాలకి. గోంగూర ఒలిచి పెట్టుకుంటే ఇంకో రోజు ఆగుతుంది. బెండ, బీర, దొండ వారం మధ్యలో. ముదిరిపోతే బెండకాయ ఎవరికీ వద్దు కాబట్టి దాన్ని దొండకాయ కంటే ముందుకి జరుపుతాను. వారం చివరికి చామదుంప, కంద, అరటికాయ, గుమ్మడికాయ, ఇవి ఎవరినీ తొందరపెట్టవు. శనివారం చామదుంపల పులుసు మా ఇంట్లో ఇలాగే స్థిరపడింది, ఎవరికో ఇష్టమై కాదు.

ఆదివారం మధ్యాహ్నం చికెన్ భోజనాలయ్యాక హాల్లో ఫ్యాను కింద పాత పేపర్లు పరిచి ఆకుకూరలు ఆరబోస్తాం. కడగను, తడి ఉంటే రెండో రోజుకే కుళ్ళుతుంది, వండేముందు కడిగితే చాలు. పచ్చిమిర్చికి తొడిమలు తీసేసి డబ్బాలో, కొత్తిమీర వేళ్ళు కోసి పేపర్లో చుట్టి, కరివేపాకు రెమ్మల నుంచి దూసి పొడిబట్టతో తుడిచి. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు ఒకే బుట్టలో ఉంచను. అత్తయ్య చేట ముందు పెట్టుకుని గోంగూర ఒలుస్తారు, ఎడం చేత్తో కాడ పట్టుకుని కుడి చేత్తో ఆకు తుంచుతుంటే వరసగా చిటచిటమని చప్పుడొస్తుంది, ముదురాకు ఒక పక్కకి, లేతది ఇంకో పక్కకి, చూడకుండానే. నేను పక్కన కూర్చుని కేలండర్లో రాస్తుంటే,

"కాగితం మీద రాస్తే కూర ఉడుకుతుందా అమ్మాయ్?" అన్నారు.

"ఉడకదు అత్తయ్యా, కానీ రేపు ఏం కూర అని నన్నెవరూ అడగరు" అన్నాను.

కాసేపు ఊరుకుని, "అయితే శుక్రవారం పులిహోర రాయి" అన్నారు. రాశాను. ఆదివారమే చింతపండు గుజ్జు తీసి నూనె, ఉప్పు, పసుపు, పచ్చిమిర్చితో చిక్కగా ఉడికించి సీసాలో పెట్టేస్తే ఫ్రిజ్‌లో వారం దాటి ఉంటుంది, శుక్రవారం పొద్దున అన్నం వార్చి తాలింపు పెట్టుకుంటే చాలు. మిగతా రోజుల చారుకీ పులుసుకీ విడిగా ఇంకో గిన్నెలో గుజ్జు. కందిపొడి సీసా మాత్రం ఎప్పుడూ ఖాళీ అవ్వకూడదు. ప్లాను పూర్తిగా దెబ్బతిన్న రోజు వేడన్నం, కందిపొడి, నెయ్యి, పక్కన పచ్చి ఉల్లిపాయ, దానికి ఎవరూ వంక పెట్టరు.

బట్టల సంగతి పెద్దగా చెప్పేదేం లేదు, యూనిఫారాలు, సాక్సులు శని ఆదివారాల్లో, రోజువారీవి రోజు విడిచి రోజు. దుప్పట్ల విషయంలో మాత్రం మా ఇంట్లో పనిచేసే ఆవిడ మాట విన్నాను. నేను అన్ని మంచాలవీ ఒకే రోజు అని రాసుకుంటే, "అన్నీ ఒకేసారి వెయ్యకండమ్మా, ఆరెయ్యడానికి తీగలేవి? వానొస్తే అన్నీ హాల్లో వేలాడతాయి" అంది. ఇప్పుడు ఒక వారం మా గదివి, ఒక వారం పిల్లలవి. ఆవిడ రాని రోజు ఏం చెయ్యాలో కూడా కేలండర్ అడుగున రాసి ఉంది, ఎవరి కంచం వాళ్ళు, గిన్నెలు మా ఆయన, చీపురు నేను. ఇది రాసి పెట్టడం వల్ల గొడవ తగ్గింది, అప్పటికప్పుడు చెబితే అది నా మాట అవుతుంది, గోడ మీద ఉంటే అందరూ ఒప్పుకున్నట్టే.

నిజానికి అన్నిటికంటే కష్టమైంది ఖాళీ రాయడం. పని రాయడం తేలిక, పని ఎలాగూ ఉంటుంది. ఖాళీ అని గడి వదిలేస్తే అందులోకి ఏదో ఒకటి వచ్చి కూర్చుంటుంది, బ్యాంకు పనో, ఎవరింటికో పలకరింపుకి వెళ్ళడమో, లేదా ఫోను, ఫోను చేతిలో ఉంటే ఆ రెండు గంటలు ఎటు పోయాయో తెలీదు. అందుకని పని రాసినట్టే రాశాను, "బుధవారం 2 నుంచి 4, పుస్తకం" అని. మా ఆయన అది చూసి ఏం పుస్తకం అని అడిగారు, బ్యాంకు పుస్తకం అనుకున్నట్టున్నారు.

పుస్తకం ఉండాలి కదా మరి, కొనుక్కుంటూ పోతే అయ్యేపని కాదు. మా పేటలో శాఖా గ్రంథాలయం ఉంది, పిల్లలు చిన్నప్పుడు దాటుకుంటూ వెళ్ళేదాన్నే గానీ లోపలికి వెళ్ళలేదు. ఇంటి పన్ను కట్టిన రసీదులో గ్రంథాలయ సెస్సు అని వేరే లైను చూసినప్పుడు గుర్తొచ్చింది, పన్నులో రూపాయికి 8 పైసలు దానికే పోతాయి, ఏటా కడుతూనే ఉన్నాం. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది ఈ ఊళ్ళోనే, అయ్యంకి వెంకటరమణయ్య గారి లాంటివాళ్ళు ఊరూరా తిరిగి లైబ్రరీలు పెట్టించారు, మనం వెళ్ళి ఒక నవల తెచ్చుకోవడానికి బద్ధకిస్తే ఎలా అనిపించింది. కొద్దిగా ధరావతు కట్టి సభ్యత్వం తీసుకున్నాను. అక్కడ బల్ల దగ్గర రిటైరైన పెద్దాయనలు పేపర్లు పంచుకుని చదువుతుంటారు, ఒకాయన జిల్లా పేజీ వదలడు, ఇంకొకాయన దాని కోసమే ఎదురుచూస్తుంటాడు. ఆడవాళ్ళం తక్కువ, వెళ్ళినా ఎవరూ పట్టించుకోరు, అదే హాయి. శుక్రవారం లైబ్రరీకి సెలవు, నాకు ఎలాగూ ఆ రోజు కుదరదు, అలా బుధవారం సాయంత్రం పుస్తకం మార్చుకోవడానికి పెట్టుకున్నాను. చదవడం అయిపోవాలన్న తొందర కూడా ఉంటుంది, పుస్తకం తిరిగి ఇవ్వాలి కాబట్టి.

ఆ రెండు గంటలు ఫోను అత్తయ్య మంచం దగ్గర పెడతాను. ఎవరైనా చేస్తే ఆవిడే ఎత్తి, "చదువుకుంటోంది, తర్వాత చెయ్యండి" అంటారు, మా అమ్మ ఫోను చేసినా అదే జవాబు. మా అమ్మకి మొదట్లో కోపం వచ్చింది, ఇప్పుడు బుధవారం తప్పించి చేస్తోంది. ఇది కాక ఆదివారం పేపర్లో వచ్చే గళ్ళనుడికట్టు కత్తిరించి ఉంచుకుంటాను, సన్న సెగ మీద దిబ్బరొట్టె పెట్టి పక్కన నిలబడి నింపడానికి అంతకంటే మంచి వేళ లేదు. రోజూ సాయంత్రం మేడ మీద మొక్కలకి నీళ్ళు పొయ్యడం కూడా ముందు పనుల కింద రాశాను, తర్వాత చెరిపి ఖాళీ వైపు రాసుకున్నాను, అక్కడికి వెళ్తే తొందరగా దిగబుద్ధి కాదు.

అన్నీ అనుకున్నట్టు జరుగుతాయా అంటే జరగవు. చుట్టాలొస్తే ఆ వారం వారమే కాదు. బాబుకి పరీక్షలుంటే రాత్రి పదకొండింటికి ఏదో వండాల్సి వస్తుంది, అది ఏ గడిలోనూ ఉండదు. ఇస్త్రీ బట్టల మూట మాత్రం ఏ ప్లానుకీ లొంగలేదు, చొక్కాలు ఇస్త్రీ బండికి ఇచ్చేస్తున్నాను, మిగతావి మడతలతోనే కట్టుకుంటున్నాం. అటక సంగతి ఎత్తను కూడా ఎత్తను, సంక్రాంతి ముందు చూద్దాం.

ఇప్పుడు అసలు చిక్కు ముందుంది. దీపావళి మర్నాటి నుంచి కార్తీకం, అత్తయ్యకి నెలంతా ఉల్లి, వెల్లుల్లి ఉండవు, సోమవారాలు నక్షత్రం చూశాకే భోజనం, షుగరుతో అంతసేపు వద్దని డాక్టరు చెప్పినా పళ్ళూ పాలూ తీసుకుని ఉంటానంటున్నారు. అంటే సోమవారం వంటంతా సాయంత్రానికి జరగాలి, పిల్లల బాక్సులు మాత్రం పొద్దున్నే ఉండాలి. ఆదివారం చికెన్ గడి చెరిపేశాను, దాని బదులు పనసపొట్టు కూర అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టాను, కొట్టిన పొట్టు ఆ వేళకి దొరుకుతుందో లేదో. పునుగుల్లో ఉల్లిపాయ బదులు అల్లం, కొబ్బరి ముక్కలు వేద్దామనుకుంటున్నాను. కందిపొడి వెల్లుల్లి లేకుండా ఇంకో సీసా చెయ్యాలి. బాక్సులోకి ఉల్లి లేని కూరలు, అదీ ఎనిమిదో తరగతి పిల్ల తినేవి, మీ ఇళ్ళల్లో ఏం చేస్తారో చెప్పండి, బంగాళాదుంప వేపుడు తప్ప.