పల్లీలు కలిపారా?

మా పాపకి పల్లీలు పడవు. మొన్న ఒక స్వీట్ షాపులో కాజూ కట్లీలో పల్లీ పొడి కలిపారా అని అడిగితే, "కొంచెమే మేడమ్, ఏం కాదు" అన్నారు. ఆ కొంచెంతోనే దాని పెదాలు వాచిపోతాయి, ఊపిరి ఆడదు.

ప్యాకెట్ల మీదైతే 2020 నాటి కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనల ప్రకారం పాలు, గుడ్లు, చేపలు, సోయా, గోధుమ, పల్లీలు, జీడిపప్పు లాంటివి ఉంటే ఆ సంగతి విడిగా రాయాలి. రాస్తున్నారు, కానీ చీమ తలకాయంత అక్షరాల్లో, ఎక్కువగా ఇంగ్లీషులోనే. మా అత్తమ్మ అవి ఎలా చదువుతారు?

తూచి అమ్మే మిఠాయిలు, పచ్చళ్ళు, పొడులకి ఆ మాత్రం కూడా ఉండదు. ఏ నూనెలో వేయించారో కూడా చెప్పరు. ట్రే ముందు పెట్టే ధర చీటీ మీదే దినుసులూ రాయొచ్చు కదా! షాపుల వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, దయచేసి రాయండి.